సెలవు మీద ఉన్న కారు

కారును రోడ్డెక్కించకుండా ఇంటి దగ్గరే ఉంచదలచుకుంటే ఆ సంగతి ఇకమీదట ముందుగానే చెప్పాలని మోటార్ టాక్స్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గడిచిన నెలల గురించి ఇప్పుడు చెబితే చెల్లదట. పాత పద్ధతి వేరు. బండి ఎన్ని నెలలు కదల్లేదో చివర్లో ఒక ఫారం మీద రాసుకుని, గార్డా స్టేషన్‌కి, అంటే ఇక్కడి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి, గార్డు ఎదురుగా సంతకం పెడితే ఆయన ముద్ర వేసేవాడు. ఆ నెలలకు పన్ను ఉండేది కాదు. అందులో ఎంత అబద్ధం పట్టేదో అందరికీ తెలిసిందే. కాగితం చదువుతుంటే నాకు ఆవిడ గుర్తొచ్చింది. ఆ ఫారం ముందు పెన్ను పట్టుకుని ఆగిపోయిన మనిషిని నేను ఆవిడ ఒక్కరినే చూశాను.

ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో, మా ఇళ్ల కాలనీలోనే చివరి ఇల్లు వాళ్లది. అప్పట్లో ఊరి చుట్టూ పొలాలన్నీ ఇళ్లయిపోతున్నాయి. మా వీధికి పై పొర తారు ఇంకా వెయ్యలేదు. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు మీదికి రెండంగుళాలు లేచి ఉండేవి. ఇంటికి కర్టెన్లు రాకముందే గుమ్మం ముందుకి కొత్త కారు వచ్చేది. ఇక్కడ నంబర్ ప్లేటు మీద మొదటి రెండంకెలు కారు పుట్టిన సంవత్సరం కాబట్టి, జనవరి వస్తే చాలు, వీధి మొత్తానికి వయసు తగ్గిపోయేది. అలాంటి వీధిలో తొంభై తొమ్మిది నాటి ఎర్ర కారు ఒకటి నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంటే ఎవరికి కనిపించదు?

ఆవిడ భర్త పక్క ఊరు షానన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఒక జూన్‌లో ఆఫీసులోనే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మందులిచ్చిన జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, ఏడాదిపాటు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఆవిడకి డ్రైవింగ్ రాదు. కారు మాత్రం ఆవిడ పేరునే ఉంది. ఇంటి లక్ష్మి పేరున కొంటే కలిసొస్తుందని ఆయన కొన్న రోజే అలా రాయించాడు.

ఆవిడ మొదటిసారి మా ఇంటికి ఒక కవరు నిండా కాగితాలతో వచ్చింది. నేను షానన్‌లో ఒక గోడౌన్లో సరుకు లెక్కలు చూసేవాణ్ణి. చదువు ఇంటర్‌తో ఆగినా చిన్న అక్షరాలు చదివే ఓపిక ఉందని మనవాళ్లు నా దగ్గరికి ఫారాలు తెచ్చేవారు. గుమ్మంలోనే ఆవిడ, "అన్నా, గిదంత చదివి జర తెలుగుల చెప్పుండ్రి" అంది. వాళ్లది హన్మకొండ, మాది తెనాలి దగ్గర. అన్నా అన్నాక నాకు చెల్లెలే, ఆయన బావగారే.

చదివి చెప్పాను. కారు ఇంటి ఆవరణలో ఉన్నంతకాలం పన్నూ అక్కర్లేదు, బీమా అక్కర్లేదు. చక్రం బయటికొచ్చి పదిమంది తిరిగే చోటు తాకిందంటే రెండూ కావాలి. పన్నుకి లెక్క నెలల్లోనే గాని రోజుల్లో కాదు. ఒక్క పూట తిరిగినా ఆ నెలంతా తిరిగినట్టే. ఇక బీమా మానేసి రెండేళ్లు దాటితే, ఇన్నాళ్లూ యాక్సిడెంటు చెయ్యకుండా సంపాదించుకున్న బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, పోతుంది. మళ్లీ మొదటి మెట్టు నుంచే.

ఆవిడ అంతా విని తల ఊపింది. "సమజైంది. బండి సెలవు పెట్టింది అన్నట్టు. ఎన్ని దినాలన్న పెట్టుకోవచ్చు గని, రెండేండ్లు దాటితే సర్వీసు పోతది."

ఆ నియమాన్ని అంత చిన్న మాటల్లో నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఆవిడ తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా, "మా బండి సెలవు మీదున్నది" అనేది. పక్కింటి ఐరిష్ ముసలావిడకి కూడా ఇంగ్లిషులో అదే మాట చెప్పింది. ఆ ముసలావిడ పాపం కారుకి అంత సెలవెవరిచ్చారో అర్థంగాక, బాగుంది బాగుందన్నట్టు "గ్రాండ్, గ్రాండ్" అని వెళ్లిపోయింది.

సెలవు మీద ఉన్నా ఆవిడ దాన్ని ఊరికే కూర్చోనివ్వలేదు. ఈ ఎన్నిస్‌లో గాలి లేకుండా ఎండ దొరికే చోటు అంటూ ఉంటే అది అద్దాలు మూసిన కారే. మజ్జిగలో ఊరేసిన సల్ల మిరపకాయలు ప్లేట్లలో పరిచి డాష్‌బోర్డు మీద పెట్టేది. పెరట్లో వారమైనా ఎండనివి కారులో మూడు రోజుల్లో గలగలమనేవి. సీట్లో కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. ఒకసారి నేను పలకరించబోతే అద్దం నాలుగు వేళ్లంత దించి, "జల్ది చెప్పన్నా, వేడి పోతది" అంది.

ఆ అక్టోబర్‌లో దసరా వచ్చింది. బండికి పూజ చెయ్యకుండా ఉండడం వాళ్లింట్లో లేదు. సెలవు మీద ఉన్న బండికి పూజేమిటని బావగారు నవ్వాడు. "సెలవుల ఉన్నోళ్లకు పండుగ ఉండదా?" అందావిడ. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. బావగారు స్టీరింగ్ ముట్టుకోకూడదు. నిమ్మకాయలు నలగాలంటే బండి జానెడైనా కదలాలి. నేను నడుపుతానంటే ఒప్పుకోలేదు. యజమానే నడపాలట. ఎక్కింది, ఇంజన్ వేసింది, ఆయన చెప్పినట్టు క్లచ్ వదిలింది.

వాళ్ల ఇంటిముందు కాస్త వాలు. కారు జానెడుతో ఆగలేదు. మూడు నిమ్మకాయలు నలిగాయి, నాలుగోది పక్కకి దొర్లిపోయింది. కారు ఫుట్‌పాత్ దాటి, ముందు చక్రాలు రెండూ వీధి రోడ్డు మీదికి దిగాక ఎక్కడో బ్రేకు దొరికింది. రోడ్డు మీదికి వెళ్లింది రెండడుగులు. నేనూ బావగారూ వెనక్కి నెట్టి లోపల పెట్టాం. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. లోపలికెళ్లి ముగ్గుపిండి తెచ్చి, సిమెంటు ఆవరణ అంచున అడ్డంగా ఒక గీత గీసింది.

"ఇగ దీన్ని దాటేది లేదు" అంది.

వాన పడితే గీత పోయేది. మర్నాడు మళ్లీ గీసేది. ఎన్నిస్‌లో వానలంటే తెలిసిందే కాబట్టి, ఆ చలికాలం ఆవిడ రోజూ ముగ్గు వేసుకున్నట్టే అయింది.

బ్యాటరీ చచ్చిపోకుండా ఇంజన్ అప్పుడప్పుడు వెయ్యాలని నేనే చెప్పాను. వేసినప్పుడు కాస్త ముందుకీ వెనక్కీ కదిపేది. అదే అలవాటయింది. ఫిబ్రవరిలో బావగారికి రెండోసారి ఫిట్స్ రావడంతో జీపీ ఏడాదిని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టమన్నాడు. ఆఫీసువాళ్లు ఆయన్ని వారానికి మూడు రోజులే రమ్మన్నారు. అప్పుడే ఇక్కడ భార్యలకి కూడా వర్క్ పర్మిట్ ఇవ్వడం మొదలైంది. ఆవిడ ఆ వారమే నేర్చుకునేవాళ్లకిచ్చే ప్రొవిజనల్ లైసెన్సుకి ఫారం తెచ్చుకుంది. అప్పటి నుంచి కారు కదిపే తీరే వేరైపోయింది. రోజూ పొద్దున ఇరవై సార్లు ముందుకి, ఇరవై సార్లు వెనక్కి. ఒకవైపు గ్యారేజి గోడ, ఒకవైపు ముగ్గు గీత. గుమ్మంలో కుర్చీ వేసుకుని బావగారు, "క్లచ్చు, క్లచ్చు!" అని అరిచేవాడు.

"మీరు సెలవుల ఉన్నరు. ఊకోండ్రి" అనేది అద్దంలోంచి.

ఒకరోజు నన్ను పిలిచి, "అన్నా, నేను ఇప్పటిదాక ఎంత దూరం పోయిన్నో లెక్క కట్టుండ్రి" అంది. టేపు తెచ్చి కొలిచాను. ఆవరణ ఇరవై నాలుగడుగులు, కారు పదమూడు. మిగిలింది పదకొండు. పదకొండడుగుల చొప్పున నాలుగు వందల ఎనభై సార్లు కదిలితే ఒక మైలు. రోజుకి నలభై అంటే పన్నెండు రోజులకి మైలు. అప్పటికి ఇరవై నాలుగు రోజులైంది.

"రెండు మైళ్లు చెల్లెమ్మా. పక్క ఊరు క్లేర్‌కాజిల్ దాకా వెళ్లారు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. లోపలికి తిరిగి కేకేసింది. "ఏమండి, ఇన్నరా? గీత దాటకుండ క్లేర్‌కాజిల్ పోయిన!"

"వచ్చేటప్పుడు పాలు తేవాల్సింది" అన్నాడాయన లోపల్నుంచి.

తర్వాత డబ్బిచ్చి పాఠాలు చెప్పించుకుంది. నేర్పే ఆయన కారు, ఆయన బీమా. మొదటి రోజే ఆయన ఆశ్చర్యపోయి, క్లచ్ మీద కాలు ఇంత బాగా ఎవరి దగ్గర కుదిరిందని అడిగాడట. "మా గోడ దగ్గర" అని చెప్పిందట. మూడో గేరు వెయ్యడానికి మాత్రం భయపడేది. పదకొండడుగుల్లో మూడో గేరు ఎప్పుడూ అవసరం పడలేదు మరి. మొదటి టెస్టు అందుకే పోయింది. ఎవరో మానుకోవడంతో రెండో తేదీ తొందరగా దొరికింది, ఆగస్టులో పాసయింది.

సెప్టెంబర్‌లో పని దొరికింది. ఊరికి పద్నాలుగు మైళ్ల దూరంలో వృద్ధుల నర్సింగ్ హోమ్. బస్సు లేదు. పొద్దున ఏడింటికి అక్కడుండాలి. కాగితాల కోసం వాళ్లు అప్పటికే రెండుసార్లు ఆగారు. మూడోసారి అక్కడ అజమాయిషీ చేసే మేట్రన్ ఫోన్ చేసి, అక్టోబర్ మొదటి సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని చెప్పేసింది. బీమా కంపెనీవాళ్లని ఫోన్లో ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. పద్నాలుగు నెలలే కదా, రెండేళ్లలోపే కదా అని నేను లెక్క చెబుతూ పోయాను. చివరికి బోనస్‌ని ఆవిడ పేరు మీదికి మార్చారు. పాలసీ శనివారం నుంచి మొదలు. ఇక మిగిలింది పన్ను. దానికి ముందు ఆ ఫారం.

శుక్రవారం పొద్దున గార్డా స్టేషన్‌కి వెళ్లాం. ఫారం ముందురోజే నేను నా చేత్తో నింపాను. క్రితం ఆగస్టు ఒకటి నుంచి ఈ సెప్టెంబర్ ముప్పై దాకా, పద్నాలుగు నెలలు కారు బయటి రోడ్డు మీద వాడలేదని. సంతకం ఒక్కటే ఖాళీ. కౌంటర్ వెనక ఉన్నది రిటైర్‌మెంటుకి దగ్గరపడిన గార్డు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి ఫారం చదివి, పెన్ను ఆవిడ వైపు తిప్పాడు. "ఈ నెలలన్నిటిలో కారు బయటికి రాలేదు కదా?"

ఆవిడ పెన్ను కాగితం మీద ఆనించి ఆగింది. నా వైపు తిరిగింది.

"అన్నా, అక్టోబర్ ఎట్ల?"

నాకు వెంటనే అర్థమైంది. నింపేటప్పుడు నాకూ గుర్తొచ్చింది. రెండడుగులే కదా అని దాటేశాను.

"రెండడుగులు చెల్లెమ్మా. సంతకం పెట్టండి."

"రెండడుగులు రోడ్డు కాదా?"

"ఇప్పుడా అడిగేది?"

"సంతకం ఇప్పుడే గదా పెట్టేది." గొంతు తగ్గించింది. "నేను కండక్టర్ బిడ్డను అన్నా. రెండడుగులైనా టికెట్ లేని ప్రయాణమే."

గార్డు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏమైనా ఇబ్బందా?"

నేను ఏదో ఒకటి చెప్పేలోపే ఆవిడ ఇంగ్లిషులో చెప్పేసింది. అక్టోబర్‌లో ఒకరోజు కారు రోడ్డు మీదికి వెళ్లింది. రెండడుగులు. దేవుడి కోసం.

"దేవుడి కోసం" అన్నాడు గార్డు. ఆవిడ చేతిలో పెన్ను తీసుకుని మూత పెట్టాడు.

ఆ రోజు ఆ కారుకి పన్ను లేకపోవడం చిన్న విషయం. బీమా లేదు. బీమా లేకుండా రోడ్డు మీద నడిపానని గార్డు ముందు ఒప్పుకోవడమంటే కోర్టు దాకా పోయే సంగతి. ఆ మచ్చ పడితే రేపు మొదలయ్యే పాలసీ ఉండదు, సోమవారం ఉండదు, నర్సింగ్ హోమ్ ఉండదు. పద్నాలుగు నెలల లెక్కంతా ఒక్క ముక్కతో కూలిపోవడం నా కళ్ల ముందు కనిపించింది.

"ఎవరు నడిపారు?"

"నేనే."

"లైసెన్సు?"

"అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తీసి కౌంటర్ మీద పెట్టింది. ఎవరూ అడక్కుండానే నిమ్మకాయల సంగతి మొదలుపెట్టి, పండుగ ఏమిటో, చక్రాల కింద ఎందుకు పెడతారో, వాలు ఎంతో, అన్నీ చెప్పింది. గార్డు మధ్యలో ఆపలేదు.

"ఎవరికైనా తగిలిందా?"

"నాలుగు నిమ్మకాయలు. మూడు నలిగాయి. ఒకటి తప్పించుకుంది."

ఆయన పెదవులు బిగపట్టుకున్నాడు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నాడు.

"అమ్మా, ఈ కౌంటర్ దగ్గర నేను చాలా ఏళ్లుగా నిలబడుతున్నాను. ఈ ఫారంతో వచ్చిన ప్రతి కారూ ఒక్క అంగుళం కదలని కారే. దాన్నే నడుపుకుంటూ వచ్చి బయట పార్కు చేసినవాళ్లు కూడా అదే చెప్పారు. కదిలిన కారు తెచ్చింది మీరొక్కరే."

సొరుగులోంచి కొత్త ఫారం తీశాడు. నేను నింపినదాన్ని నిలువునా చింపి బుట్టలో వేశాడు. నా చేతిరాత చిరుగుతుంటే చూడలేక నేను గోడమీది నోటీసులు చదివాను. "నేను సాక్షిని మీ సంతకానికే. నెలలు మీవి. నిజమైనవి రాయండి. ఆ అక్టోబర్‌కి పన్ను కట్టేసుకోండి" అన్నాడు. పెన్ను మూత తీసి ఇస్తూ, "మిగతాది, రెండడుగుల కోసం నేను ఇంకో కాగితం మొదలుపెట్టను. మధ్యాహ్నానికి టాక్స్ ఆఫీసు మూసేస్తారు, త్వరగా వెళ్లండి" అన్నాడు.

ఆవిడే రాసింది. ఆగస్టు, సెప్టెంబర్ ఒక వరసలో. నవంబర్ నుంచి ఈ సెప్టెంబర్ దాకా ఇంకో వరసలో. ఒక్కో నెలా వేళ్ల మీద లెక్కపెట్టి, "పదమూడు" అని నా వైపు చూసింది. పదమూడే. సంతకం పెట్టింది. గార్డు ముద్ర వేసి, సిరా ఆరేదాకా కాగితం మీద ఊదాడు.

బయటికొచ్చాక నేను, "నన్ను క్షమించండి చెల్లెమ్మా, పద్నాలుగు అని రాసింది నేను" అన్నాను.

"మీరు నా కోసం రాసిండ్రు. గందుకే తప్పయింది" అంది. టాక్స్ ఆఫీసు వైపు అప్పటికే సగం పరుగు మీద ఉంది.

సోమవారం ఏడు కావడానికి పది నిమిషాలున్నాయనగా నర్సింగ్ హోమ్ ఫోన్ నుంచి మా ఇంటికి కాల్ వచ్చింది. "చేరిన అన్నా" అంది. "మూడో గేరు వేసిన. నాలుగోది గూడ ఉన్నదట గద?" అని పెట్టేసింది.

తర్వాత ఆవిడ ఆ పద్నాలుగు మైళ్లూ రోజూ వెళ్లొచ్చింది. మంచు రోజుల్లో కూడా. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లు ఆవిడ బట్టలకి అంటిన కారు వాసన ఏమిటని అడిగేవారట. సల్ల మిరపకాయలని చెబితే నమ్మేవారు కాదట.

ఫిబ్రవరితో బావగారికి ఏడాది పూర్తయింది. ఈసారి మధ్యలో ఏమీ రాలేదు. మార్చిలో ఒక ఆదివారం జీపీ ఉత్తరం జేబులో పెట్టుకుని, గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. అందరం కలిసి లాహించ్ దాకా సముద్రం చూడ్డానికి వెళ్దామనుకున్నాం. ఆయన నేరుగా వెళ్లి డ్రైవర్ వైపు తలుపు తీసి, ఆవిడ వైపు చెయ్యి చాపాడు. దాదాపు ఇరవై ఒక్క నెలల తర్వాత ఆ తలుపు ఆయన తియ్యడం అదే మొదటిసారి. మేమందరం ఆవిడ తాళం ఇస్తుందని చూస్తున్నాం.

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందిదాకా సంతోషంగా చూసింది. చొక్కా కాలర్ సరిచేసింది. తర్వాత ఆయన్ని మెల్లగా పక్కకి జరిపి తాను కూర్చుంది.

"అటు కూసోండ్రి" అంది. "మీ పేరు ఇన్సూరెన్స్‌ల ఇంక ఎక్కలే."

బావగారు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నిజమే, పాలసీలో ఆవిడ పేరొక్కటే ఉంది.

"ఎప్పుడెక్కిస్తవ్?"

"ఎక్కిస్త" అంది, సీటు ముందుకి జరుపుకుంటూ. "మంచిగ అడుగుతే ఒకటో తారీఖు నుంచి."

ఆయన అటువైపు తిరిగివెళ్లి కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.